జైతూన్ బీ విప్పని పొడుపు

కాశ్మీరు పీర్ పంజాల్ కొండల్లో, మందల వెంట తిరిగే గుజ్జర్లలో జైతూన్ బీ గొంతు తెలియని గుడారం లేదు. మనిషిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం పావుగంట సేపు ఆమె రేడియోలో తమ గోజ్రీ భాషలో వార్తలు చదివేది, ఒక పాట వేసేది, చివర్లో ఒక పొడుపుకథ విసిరేది. విప్పడం మర్నాడే. ఆ పొడుపులన్నీ నాయనమ్మ బర్రె పాలు పితుకుతూ నేర్పినవి.

చిన్నప్పుడు బడిలో గోజ్రీ మాట నోరు జారితే పంతులు బెత్తం అందుకునేవాడు. "బర్రెల భాష బర్రెల దగ్గరే పెట్టు" అనేవాడు. అదేం చదువో! తోటి పిల్లలైతే ఆమె కనబడితే చాలు, బర్రెల్లా అరిచేవాళ్ళు. జైతూన్ ఏడ్చింది గానీ మాట మార్చుకోలేదు. ఆ భాషతోనే రొట్టె సంపాదిస్తానని పంతం పట్టింది, సంపాదించింది.

ఆ ఏడాది మంచు కరిగే రోజుల్లో పట్నంలోని రేడియో కేంద్రానికి కొత్త అధికారి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. గోజ్రీ ఒక్క ముక్క రాదు, అంతే.

"జైతూన్‌గారూ, మీ కార్యక్రమానికి ఒక్క ఉత్తరమైనా రాదేం?"

"మావాళ్ళకి రాయడం రాదు సార్. వినడం వచ్చు."

"వింటున్నారని నాకెలా తెలుస్తుందండీ? పైవాళ్ళకి ఏం చూపించను? ఈ నెలాఖరుతో ఆపేద్దాం. సినిమా పాటలేస్తే నలుగురూ వింటారు."

ఆమెకు ఒళ్ళు మండింది. జీతం పోతుందని కాదు. ఆ పావుగంట పోతే గోజ్రీ మళ్ళీ బర్రెల దగ్గరికే పోతుంది, పంతులి మాటే గెలుస్తుంది. ఆ సాయంత్రం మైకు ముందు కూర్చుని కొత్త పొడుపు వేసింది.

"నోట్లో పుడుతుంది, చెవిలో పెరుగుతుంది. మోస్తే బరువుండదు, దించితే మళ్ళీ దొరకదు. ఏమిటది? ఈసారి రేపు విప్పను. జవాబు మీరే వచ్చి నా మొహాన చెప్పండి. నెలాఖరులోపే రండి. తర్వాత ఈ గొంతు వినబడదు."

అద్దం అవతల అధికారి ఏమీ అర్థం కాక, బాగుందన్నట్టు తలూపాడు.

రోజులు గడిచాయి. ఒక్క పురుగైనా రాలేదు. "వెర్రిమొహమా, మందల్ని వదిలేసి ఎవరొస్తారే!" అని తనను తానే తిట్టుకుంది జైతూన్.

నిజమే, మందల్ని వదిలేసి ఎవరూ రాలేదు. మందలతోనే వచ్చారు.

నెల ముగిసే రోజు పొద్దున్నే రేడియో కేంద్రం ముందు రోడ్డంతా మేకలు. గుర్రాల మీద వంట సామాన్లు, కోళ్ళు, పసిపిల్లలు. వేసవి మేతకు కనుమల దారి పట్టాల్సిన గుడారాలన్నీ ఇటు తిరిగాయి. బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముందు నడుస్తున్న ముసలాయన మక్ఖన్ దీన్, గోరింటాకు పెట్టిన గడ్డం ఊపుతూ గేటు దగ్గరే కేకలు మొదలుపెట్టాడు.

"ఎక్కడమ్మా ఆ జైతూన్ బీ? నాకు నిద్ర లేకుండా చేసిందే! పొగ, పొగే కదూ జవాబు?"

"పొగ చెవిలో పెరుగుతుందా? నువ్వూ నీ హుక్కా గోలానూ!" అని వెనకనుంచి అతని భార్య అందుకుంది. "పేరు! మనిషి పేరు!"

"నీ పేరు దించితే దొరక్కపోవడమా? నువ్వు అరిచే అరుపుకి కొండ అవతల కూడా దొరుకుతుంది!"

జనం గొల్లుమన్నారు. తలా ఒక జవాబు అరుస్తున్నారు, అంతా గోజ్రీయే. అధికారి పరుగున బయటికొచ్చేసరికి ఒక మేక ఆయన గులాబీలను సగం మేసేసింది.

"ఏమిటండీ ఇదంతా?"

"ఉత్తరాలు సార్," అంది జైతూన్. "మీరడిగారుగా. రాయడం రాక, కాళ్ళ మీద తెచ్చారు."

"జవాబు చెప్పు తల్లీ, మంద కదలాలి!" అన్నాడు మక్ఖన్ దీన్.

"ఇక్కడ చెప్పను చాచా. రేపు సాయంత్రం రేడియోలో చెప్తాను. ఈ సార్ ఉండనిస్తేనే."

అన్ని తలలూ అధికారి వైపు తిరిగాయి. ఆయన పొడుపు ఏమిటో ఆమె చేత చెప్పించుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు. రోడ్డు మలుపు దాకా మేకల్ని చూశాడు.

"ఆపితే నాకెలా తెలుస్తుందండీ జవాబు? కానివ్వండి. రేపే కాదు, రోజూ కానివ్వండి."

ఆ మాట ఆమె గోజ్రీలో అరిచి చెప్పగానే లేచిన ఈలలకు కుక్కలన్నీ మొరిగాయి.

మర్నాడు సాయంత్రం కొండ వాలులో పొయ్యిల పక్కన రేడియోలు మోగాయి.

"జవాబు, మన మాట," అంది జైతూన్. "మీరు దించకుండా మోస్తున్నారు కాబట్టే ఉంది."

మక్ఖన్ దీన్ నెత్తి కొట్టుకున్నాడు. "చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికానే!"

"నోర్ముయ్యి, ఇంకో పొడుపు వేస్తోంది," అంది భార్య.