రెండు తాబేళ్లు

అమెరికాలో వైట్ నది ఒడ్డున మా లకోటా తెగవాళ్లలో ఎమలైన్ కుట్టినంత బాగా పూసలు కుట్టేవాళ్లు లేరు. ఆ మాట ఇంకొకరు అనేలోపు తనే అనేది. నా పిన్ని కూతురు కాబట్టి ఆ గొప్పలన్నీ నేనే భరించాను.

తన తమ్ముడు సైలస్‌కి ఆడపిల్ల పుట్టినప్పుడు, మేనత్తగా తాబేళ్లు కుట్టే పని ఆమెకే వచ్చింది. అరచేతిలో పట్టే జింకతోలు తాబేళ్లు, వీపంతా నీలిపూసలు. తాబేలు అంత తేలిగ్గా చావదు, అందుకే తాబేలు. ఒకదానిలో బిడ్డ ఎండిన బొడ్డుతాడు పెట్టి కుట్టేస్తారు. రెండోదానిలో ఉత్త గడ్డి. బిడ్డను ఎత్తుకుపోవడానికి వచ్చేది ఏదైనా సరే, గడ్డి తాబేలును చూసి మోసపోవాలి.

ఉత్తది కాస్త మోటుగా కుట్టినా సరిపోతుందని నేనన్నాను.

“వచ్చేదానికి కళ్లుండవా ఏంటే? నాసిరకం చూస్తే ఇట్టే పట్టెయ్యదూ?” అని కసిరింది. రెండూ పూస తేడా లేకుండా కుట్టింది.

ఆ పిల్ల లెటీకి అయిదేళ్లొచ్చిన చలికాలంలో ఇంట్లో పిండి నిండుకుంది. పాత వస్తువులు కొనేవాడొకడు కారులో వచ్చాడు. ఎమలైన్ ఇంట్లో లేదు. సైలస్ తాబేళ్లు దాచిన పెట్టె తెరిచి ఒక తాబేలును అమ్మేశాడు.

“ఉత్తదే అమ్మానక్కా, ఒట్టు!”

“ఉత్తదని నీకెలా తెలిసిందిరా?”

ఆ మాటకొస్తే ఎమలైన్‌కి మాత్రం ఏం తెలుసు? మిగిలినదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన పనితనాన్ని తనే తిట్టుకుంది.

అప్పటినుంచి లెటీ వెతకడం మొదలుపెట్టింది. గిన్నెల మూతలు తీసేది, పరుపులు ఎత్తేది, పొయ్యిలో బూడిద కెలికేది. బొడ్డుతాడు పోగొట్టుకున్న బిడ్డ దాన్ని వెతుక్కుంటూ ఎటో వెళ్లిపోతుందని మాకందరికీ తెలుసు. పిల్ల ముందు ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

“ఎలుకలా ఏం తవ్వుతున్నావే?” అని సైలస్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

ఒక పొద్దున పిల్ల గడ్డకట్టిన నది మధ్యలో దొరికింది. కాళ్లకు ఏమీ లేవు. వంగి మంచును గోళ్లతో గీరుతోంది. ఎత్తుకొచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాం.

కుట్టేసిన తాబేలును విప్పకూడదు. అయినా ఎమలైన్ నన్ను లోపలి గదిలోకి లాక్కెళ్లి కత్తి తీసింది. కుట్లు తెగాయి. లోపలినుంచి గడ్డి రాలింది. సైలస్ అమ్మేసింది అసలుదాన్నే. ఎమలైన్ ఆ గడ్డి మళ్లీ కూరి, పిల్ల దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు అందులో కలిపి, కుట్టు ఆనవాలు తెలియకుండా కుట్టేసింది. అంత బాగా ఆమె ఎన్నడూ కుట్టలేదు.

బయటికొచ్చి నవ్వుతూ, “ఇదిగోనే నా బంగారం, నీది ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ అత్త దగ్గరే భద్రంగా ఉంది” అంది.

లెటీ దాన్ని రెండు చేతులా అందుకుంది. పూసల మీద వేలితో రాసింది, చెంపకు ఆనించుకుంది.

“ఇది కాదత్తా” అని మెల్లగా తిరిగిచ్చి, లేచి తలుపు తీసింది.

ఎమలైన్ ఆ తాబేలును పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేనే నది వైపు పరుగెత్తాను. ఆ రోజుకి పట్టుకోగలిగాను.