పెద్దోడి గ్లాసు

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానాకాలం. కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో నేను ఏఎన్ఎంని, అంటే ఇంటింటికీ తిరిగి తల్లుల్నీ పిల్లల్నీ చూసే నర్సుని. నాకు నోరు కాస్త పెద్దది. ఈ ఉద్యోగంలో అది లేకపోతే పని జరగదు.

ఒక టీకాల రోజున లక్ష్మి తన కొడుకుని తెచ్చింది. వాడికి ఏడాది దాటింది. బొద్దుగా, మైనంతో చేసినట్టు తెల్లగా ఉన్నాడు. పక్కనున్నవాళ్లు "ఎంత తెల్లగున్నాడో!" అని మురిసిపోతున్నారు. సూది గుచ్చాను. వాడు ఏడవలేదు, కనీసం నా వైపు చూడలేదు. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు.

"ఈడికేటి పెడతన్నావే?"

"పాలేనమ్మా. అన్నం ఎడితే ఉమ్మేస్తాడు."

"ఎన్ని పాలు?"

లక్ష్మి తల దించుకుంది. "మా అత్త పోస్తాది. నాకు తెల్దు."

టీకాలు కాగానే ఆమె వెంటే వాళ్లింటికి వెళ్లాను. మట్టిగోడల ఇల్లు, ముసురు వల్ల పగలే లోపల మసక. లక్ష్మి బిడ్డను నేల మీద దించింది. ఆమె అత్త సూరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రెండు గ్లాసుల్లో పాలు పోస్తోంది.

"రెండెందుకు పిన్నీ?"

"ఇది సిన్నోడికి. అది పెద్దోడికి."

పెద్దోడంటే లక్ష్మి మొదటి కొడుకు, వీడు పుట్టకముందే జ్వరంతో పోయాడు. ఊరందరికీ తెలుసు.

"పెద్దోడేడీ?" అన్నాను.

ఆమె గోడ చూపించింది. నేలకు జానెడెత్తున ఒక గుంట, దాని చుట్టూ గోళ్ల గీతలు. "ఆడే గీకుతాడు. పోయిన రోజు పాలు పాలని ఏడిసినాడమ్మా. వాంతులవుతన్నాయని నానే ఇవ్వనీలేదు. ఆకలితో ఎల్లిపోనాడు, అందుకే మల్లీ వొచ్చినాడు. గోడ గీకినట్టు కనిపించినప్పుడల్లా ఆడి వాటా కూడా సిన్నోడికే పడతన్నాను. ఇద్దరూ ఆ కడుపులోనే ఉన్నారు."

అంతలో నా వెనక గరగరమని చప్పుడు. తిరిగి చూశాను. చిన్నోడు గోడ దగ్గరికి పాకి వెళ్లి, గుంటలో గోళ్లు దించి, పెళ్లలు ఊడదీసి నోట్లో పెట్టుకుంటున్నాడు. రెప్ప వేయడం లేదు. పరుగున వెళ్లి నోట్లో వేలు పెడితే నిండా మట్టి.

"పెద్దోడు కాదు పిన్నీ, ఈడే!"

మట్టి తినే ఈ జబ్బును పైకా అంటారు. ఒంట్లో ఐరన్ తగ్గిన పిల్లల్లో తరచూ కనిపిస్తుంది. పాలలో ఐరన్ చాలా తక్కువ. పాలతోనే కడుపు నిండితే బిడ్డ అన్నం ముట్టడు, రక్తం పట్టదు. ఏడాది దాటినవాడికి రోజు మొత్తం మీద అర లీటరు పాలు మించకూడదు. మిగతా ఆకలి పప్పన్నం, గుడ్డు, ఆకుకూరలతో తీరాలి. ఇక్కడేమో వాడు గోడ గీకేకొద్దీ పాలు పెరిగాయి, పాలు పెరిగేకొద్దీ వాడు ఇంకా గీకాడు.

పాలు తగ్గించాలని చెప్పి, పెద్దాసుపత్రికి ఆటో పిలిపిస్తే సూరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పెద్దోడికి పాలు ఆపితే ఊరుకుంటాడేటి? ఈడ్ని కూడా అట్టుకుపోతాడు!"

"ఆడు అట్టుకుపోడు, నీ పాలే అట్టుకుపోతాయి! తప్పుకో!" అని అరిచాను. లక్ష్మి బిడ్డను ఎత్తుకుని అత్తను దాటుకొచ్చింది.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు, ఐరన్ సిరప్ రాసిచ్చారు. బిడ్డ ఇంటికి వచ్చాక సూరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మరి పెద్దోడి పాలు ఎవులు తాగుతారమ్మా?" ఆ కళ్లలోకి చూసి ఇక తిట్టలేకపోయాను.

"లక్ష్మికి పొయ్యి పిన్నీ. ఇద్దర్నీ మోసిన కడుపు అదే కదా."

కోతలప్పుడు మళ్లీ వెళ్లాను. గోడ అలికి నున్నగా ఉంది. చిన్నోడు నన్ను చూడగానే సూది గుర్తొచ్చి గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు వింటే ప్రాణం లేచొచ్చింది. అప్పుడే పొయ్యి దగ్గర్నుంచి సూరమ్మ పిలిచింది, "పెద్దోడా, రా నాయినా, పాలు తాగు."

లక్ష్మి లేచి వెళ్లి, గోడకు ఎదురుగా కూర్చుని, గ్లాసు ఖాళీ చేసింది. కోడలి మూతి తుడిచింది సూరమ్మ.

బిడ్డకు ఎన్ని పాలు పట్టాలని తల్లులు ఇప్పటికీ అడుగుతుంటారు. లెక్క చెబుతాను. కానీ దానికి ముందు, పోస్తున్నది ఎవరికని అడుగుతాను.