దయ్యానికి పోసిన నీళ్లు

యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు రాయడం రాదు. ఊళ్లో బడి ఉండేది గానీ, బడి ఈడు వచ్చేసరికే నేను మిరపతోటల్లో కూలికి పోతున్నాను. పెళ్లయి వరంగల్ వచ్చాక ఎనుమాముల మార్కెట్‌లో మిరపకాయలకు తొడిమలు తీసేదాన్ని. సాయంత్రానికి చేతులు మండేవి. ఆ చేతులతో పెన్సిల్ పట్టమని ఎవరూ అనలేదు, నాకూ అనిపించలేదు. మోకాళ్లు అరిగి పని మానేశాక, కాశిబుగ్గలో మా సందులోనే ఉండే రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెబుతోందని తెలిసి వెళ్లాను. రెండేళ్లకు పేజీ నిండా రాయగలిగాను.

పోయినేడు టీచరమ్మ మాకొక పని పెట్టింది. ఎవరికి తెలిసిన దయ్యం కథ వాళ్లు రాయాలి. అన్నీ కలిపి జిరాక్స్ తీయించి చిన్న పుస్తకంగా కుట్టిస్తుంది. మా మా ఊళ్లకు కూడా పంపుకోవచ్చు.

మా ఊరు పరకాల దగ్గర. ఊరి బయట దొరల పొలంలో ఒక పాత బావి ఉంది. అందులో ఒక ఆడమనిషి దయ్యమై ఉందని, దారిన పోయేవాళ్లను నీళ్లు అడుగుతుందని అంటారు. బావి దాటేటప్పుడు కొన్ని నీళ్లు నేల మీద పోసి, వెనక్కి చూడకుండా పోవాలి. మేం కూలికి పోతూ చెంబులోంచి పోసేవాళ్లం. ఇప్పుడు ఆటోల్లో పోయేవాళ్లు సీసా మూత తీసి పోస్తున్నారు. నేను రాసింది ఇదే.

క్లాసులో చదివితే అందరూ నవ్వారు. నా పక్కన కూర్చునే నేత పనివాళ్ల ఇంటి ఆమె, "నీ దయ్యం నయం వదినా, నీళ్లతోటే ఊకుంటాంది. మా ఊరి దయ్యం కోడికూర లేంది కదలనే కదలది," అంది.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "దయ్యం కాకముందు ఆమె ఎవలమ్మా?" అని అడిగింది.

నాకు తెలియదు. తెలుసుకోవాలని అప్పటిదాకా తోచనూ లేదు.

ఆ వారం ఊరికి వెళ్లాను. మా పెద్దమ్మ నా తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. ఆమెకు ఎనభై దాటాయి. అనపకాయలు ఒలుస్తూ ఉంటే పక్కన కూర్చుని నేనూ నాలుగు ఒలిచి, మెల్లగా అడిగాను.

"ఇన్నేండ్లకు అడుగుతానవా?" అంది. "ఆమె మా చిన్నమ్మ. మీ అమ్మమ్మకు సొంత చెల్లె."

తర్వాత ఆమె చెప్పింది ఇది. మాది మాదిగ కులం. దొర బావిలోంచి నీళ్లు తోడే తోలు బొక్కెన కుట్టింది మావాళ్లే. బొక్కెన మా చేతిదే అయినా, బావిలో నీళ్లు మేం ముట్టకూడదు. ఒక కరువు ఏడు బావి ఎండిపోతే, పూడిక తీయడానికి మావాళ్లనే వెట్టికి దింపారు. ఎండిన బావికి మా అంటు లేదు. నీళ్లు పడ్డాకే అంటు. ఆ చిన్నమ్మ అడుగున గంపలకు మట్టి ఎత్తుతూ ఉండగా మధ్యాహ్నం ఊట పడింది. పొద్దుటి నుంచి దాహంతో ఉన్న మనిషి, దోసిలి పట్టి తాగింది. ఒడ్డు మీదున్న దొర మనుషులు చూశారు. మిగతావాళ్లను ఒక్కొక్కరినే పైకి రమ్మన్నారు. ఆమె వంతు వచ్చేసరికి తాడు పైకి గుంజుకున్నారు.

"ఇంకా తాగు అన్నరట," అంది పెద్దమ్మ. "ఊట ఆగలే. మా అమ్మను దగ్గరికి రానియ్యలే. దూరంకెళ్లే ఆమె కేకలు ఇన్నది. మరునాడు పగటీలికి సప్పుడు లేదు."

"నీళ్లు అడిగిందా పెద్దమ్మా?"

"నీళ్లెందుకు అడుగుతది బిడ్డా? నీళ్లు గొంతుదాక ఉన్నయి. తాడు అడిగింది."

దయ్యం మాట లేపింది దొర మనుషులేనట. బావి దగ్గరికి ఎవరూ పోకుండా, ఏమైందని ఎవరూ అడగకుండా. ఆ భయం మా వాడకూ పట్టుకుంది. వాళ్ల పొలాల్లోనే బతకాలి కాబట్టి అమ్మమ్మ ఎవరినీ నోరెత్తనివ్వలేదు. అలా మా అమ్మా, నేనూ, నా పిల్లలూ నీళ్లలో చనిపోయిన మనిషికి నీళ్లు పోశాం. మా ఇంటి మనిషే కనబడుతుందేమోనని భయపడి తల తిప్పుకుని నడిచాం.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. రాసేది మార్చాలనుకుంటున్నానని చెప్పాను. ఆ పొలం ఇప్పుడు దొర మనుమలది. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, తమ్ముడు కౌలుకు చేస్తున్నాడు.

"అక్కా, చదువు నీకొచ్చింది, తిప్పలు నాకొచ్చినయి," అన్నాడు. "దయ్యమనే రాయరాదు? దయ్యానికి కోపం రాదు. మనుమలకు వస్తది. పుస్తకం ఊళ్లెకొస్తే వచ్చే ఏడు నాకు పొలం ఇయ్యరు."

"రోజూ ఆ బావి పక్కపొంటే పోతవు గదరా. ఏం చేస్తవు?" అని అడిగింది పెద్దమ్మ.

"నీళ్లు పోస్త."

"ఎవలికి?"



అతని భయం ఉత్తదని నేను అనను. అతనికి వేరే భూమి లేదు. ఊరి పేరూ దొర ఇంటిపేరూ రాయనన్నాను. "పేరు లేకుంటే ఊరోళ్లకు తెల్వదా?" అన్నాడు. తెలుస్తుంది.

మరునాడు పొద్దున్నే లేచి గడప దగ్గర కూర్చుని కొత్తగా రాశాను. ఆమె మా అమ్మమ్మ చెల్లెలని మొదటి వాక్యంలోనే రాశాను. తాడు దొర మనుషులు గుంజారని రాశాను. తమ్ముడు పళ్లు తోముకుంటూ వచ్చి నిలబడితే మొత్తం చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. కొట్టెయ్యమనలేదు, ఉంచమనీ అనలేదు. ముఖం కడుక్కుని పొలానికి పోయాడు. నేను బస్సెక్కి వరంగల్ వచ్చి, టీచరమ్మ దగ్గరున్న నా దయ్యం కథ వెనక్కి తీసుకుని ఈ కాగితాలు ఇచ్చాను.