మామిడి పండుగ దాకా

ఎర్రబోరు దగ్గర తారురోడ్డు వదిలి లోపలికి నడిస్తే, గాలిలో శబరి ఏటి తడి తగిలే చోట ముత్తయ్య ఇల్లు. మట్టిగోడలు, పెంకుల కప్పు, వెనక కాస్త పెరడు. పెరట్లో స్నానం చేసే బండ, ఆ బండ మీద జారిన నీళ్లు తాగి పెరిగిన మామిడిచెట్టు. ఏళ్ల తరబడి ఆకులే తప్ప పూత ఎరగని ఆ చెట్టు ఈ ఏడు మొదటిసారి కాసింది. ఈ ఏడే ముత్తయ్య కాలేయం చెడిపోయింది.

పెద్దాసుపత్రిలో పొట్టలోంచి నీళ్లు తీసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. భార్య వెంకమ్మ అతన్ని ఆటోలో తెచ్చి చెట్టు కింద నులకమంచం వేసింది. లోపల పడుకోబెడితే గోడవైపు తిరిగి ఉంటాడు, ఇక్కడైతే పైకి చూస్తాడని ఆమె ఆలోచన. అతను పైకే చూసేవాడు. గుత్తులుగా వేలాడే కాయల మధ్య నుంచి ఎండ ముక్కలు ముక్కలుగా దిగి అతని ఉబ్బిన పొట్ట మీద ఆడుకునేది.

ఆ కాయల్లో ఒక్కటీ అతను తినడానికి లేదు.

ఈ ఊరు దొర్ల గిరిజనులది. మామిడి పండుగ కానిదే ఇక్కడ ఎవరూ కొత్త కాయ కొరకరు. పండుగనాడు పూజారి ఇంటింటి చెట్టు నుంచి ఒక్కో కాయ కోసుకెళ్లి ఊరి తల్లి ముందు పెట్టి, ముక్కలు తరిగి పంచుతాడు. ఆ తర్వాతే పిల్లలు చెట్లెక్కుతారు. ఆడవాళ్లు కాయలు తరిగి చాపల మీద ఎండబెట్టి, ఆ ఎండు ముక్కలు సంతకు తీసుకుపోయి ఉప్పూ నూనే తెచ్చుకుంటారు. ముత్తయ్య తండ్రి ఏటి అవతలి నుంచి కౌలుకు వచ్చి వీళ్ల మధ్య ఇల్లు కట్టుకున్నప్పుడు, నేలతోపాటు ఈ కట్టుబాటూ ఆ ఇంటికి వచ్చింది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఊళ్లో ఎవరైనా పోతే మైల. మైల తీరేదాకా పండుగ లేదు. ఈ ఏడు ఇప్పటికే ఒక ముసలమ్మ పోయి పండుగ వెనక్కి జరిగింది. మళ్లీ పెట్టుకున్నది వచ్చే ఆదివారానికి. అదీ తప్పితే గాలివానలు అందుకుంటాయి, కాయలన్నీ నేలపాలవుతాయి.

అందుకని ఊరంతా ముత్తయ్య ఊపిరి వైపు చూస్తోంది.

పక్కింటావిడ పొజ్జే అయితే ఆ ఆత్రం దాచుకోలేదు. సోమవారం పొద్దున్నే ఇప్పపూలు ఏరుకొని గంప నెత్తిన పెట్టుకొని అటే వచ్చింది.

"మామా, ఉన్నవా?"

"ఉన్ననే."

"ఐతవారం దాకా ఉండు. నా పోరగాండ్లు రోజూ చెట్ల కింద నిలబడి గుటకలు మింగుతున్నరు."

"ఉంటలే. నీ పోరగాండ్ల కోసమే యముణ్ణి గుమ్మం కాడ కూసోబెట్టిన. కాస్త ఇప్పసారా పోసి పో, ఆయన విసుక్కోకుండ."

"ఆయనకు పోస్తె నువ్వు తాగుతవు."

"నేను తాగితేనే గదా ఆయన వచ్చింది."

పొజ్జే నవ్వింది. నవ్వుతూనే గంపలోంచి గుప్పెడు పూలు తీసి అతని దిండు పక్కన పోసి వెళ్లింది. మైనపు ముత్యాల్లాంటి ఆ పూల తీపి వాసన మధ్యాహ్నం దాకా మంచాన్ని వదల్లేదు. వెంకమ్మ అన్నం కలిపి తెచ్చేసరికి ముత్తయ్య ఒక పువ్వును బుగ్గన పెట్టుకొని కళ్లు మూసుకొని ఉన్నాడు. పిల్లాడిలా దొరికిపోయి, మింగకుండానే ఉమ్మేశాడు.

ఆ వారం అతనికి మంచి గడియలు కొన్ని వచ్చాయి. గంప కింద పొదిగిన కోడి పిల్లల్ని దింపింది. అవి నులక సందుల్లోంచి మంచం మీదికి ఎక్కడానికి చేసే ప్రయత్నాన్ని అతను గంటల తరబడి చూసేవాడు. ఎక్కాయంటే మాత్రం చేతిలోని వెదురుపుల్లతో తోలేవాడు. పందిరి మీది చిక్కుడు చివరి కాయలు కాస్తోంది. మునగ పూత రాలి బండ తెల్లబడేది. వెంకమ్మ బిందెతో నీళ్లు తెచ్చి అతని పాదాలు కడిగితే, ఆ నీళ్లు చెట్టు మొదట్లోకి పారే చప్పుడు విని, "తాగుతోంది చూడు" అనేవాడు.

ఒకసారి ఆమె ఆగలేక అంది. "ఒక్క కాయ కోస్తనయ్య. ఇద్దరమే ఉన్నం. ఉప్పు అద్ది నాలిక మీద పెడత. ఎవరు చూస్తరు?"

"చెట్టు చూస్తది."

"మన చెట్టే గదా."

"మన చెట్టే. కానీ ఊరి మన్ను."

ఆ మాట వెనక ఏముందో వెంకమ్మకు తెలుసు. పెళ్లైన కొత్తలో ముత్తయ్య అడవిలో ఒక లేతకాయ కోసి ఆమెకు సగం పెట్టి సగం తిన్నాడు. పండుగ ఇంకా కాలేదు. ఆ వారమే పిడుగు పడి, చింతచెట్టు కింద కట్టేసిన పూజారి ఎద్దు చచ్చిపోయింది. ఊరు ఎవరు తిన్నారని అడిగితే ముత్తయ్యే లేచి నిలబడ్డాడు, వెంకమ్మ పేరు చెప్పలేదు. తన దగ్గరున్న ఒక్క కోడెను పూజారి ఇంటికి తోలిచ్చి, ఆ ఏడు ఎద్దులను అరువు తెచ్చుకొని దున్నాడు. పిడుగుకూ కాయకూ సంబంధం ఉందో లేదో అతను ఎన్నడూ తేల్చుకోలేదు. కానీ ఆ తర్వాత పండుగ ముందు మామిడిచెట్టు నీడన నోరు కూడా తెరిచేవాడు కాదని ఊళ్లో వేళాకోళం.

ఆ పూజారి కొడుకు లక్మా ఇప్పుడు పూజారి. శుక్రవారం సంత నుంచి వస్తూ సైకిల్ ఆపి లోపలికి వచ్చాడు. కాసేపు కాయలను చూశాడు, కాసేపు మంచాన్ని.

"బాగ కాసింది మామా."

"ముందుగాల నీకే ఇస్త. ఐతవారం వచ్చి కోసుకో."

"నువ్వే కోసి ఇయ్యాలె."

"చెయ్యి లేస్తలేదురా. కూసోని చూస్త."

"చూడు చాలు," అన్నాడు లక్మా. వాకిట్లోకి వచ్చాక వెంకమ్మతో గొంతు తగ్గించి, "ఏంది అత్తా, ఎట్లుంది?" అని అడిగాడు.

"కాళ్లు చల్లబడుతున్నయి."

లక్మా సైకిల్ బెల్లును బొటనవేలితో తుడుస్తూ నిలబడ్డాడు. "పండుగ ముందుకు జరుపుదామంటే కుదరదు అత్తా. పక్కూళ్లకు చెప్పేసినం," అన్నాడు. ఆమె అడగలేదు. అడగాలని వారం నుంచి అనుకుంటోందని అతనికి తెలిసిపోయినట్టుంది.

శనివారం ముత్తయ్య మాటలు తడబడ్డాయి. ఒకసారి మాత్రం స్పష్టంగా, "రేపేనా?" అని అడిగాడు. రేపేనంది ఆమె. "అయితే సరే" అని పుల్ల గట్టిగా పట్టుకున్నాడు, కోడిపిల్లలను కాకుండా ఇంకెవరినో తోలాల్సి ఉన్నట్టు.

ఆదివారం తెల్లవారుతుండగా వెంకమ్మ లేచి పొయ్యిలో నిప్పు రాజేసి పెరట్లోకి వచ్చింది. పుల్ల కింద పడి ఉంది. అతని కళ్లు పైకే చూస్తున్నాయి. కాయల మీద వెలుతురు ఇంకా పచ్చబడలేదు.

ఆమె ఒళ్లంతా ఒక్క ఏడుపై గొంతులోకి వచ్చింది. నోరు తెరిచింది.

అప్పుడే ఊరవతల డోలును నిప్పు సెగకు కాచి తట్టి చూస్తున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే పొజ్జే పిల్లలు ఉప్పూకారం పొట్లం కోసం కొట్టుకుంటున్న గోల.

వెంకమ్మ కొంగును నోట్లో కుక్కుకుంది. ఈ ఊళ్లో చావు తెలిసేది ఏడుపుతోనే. ఏడవని ఇంట్లో చావు లేదు. ఆమె వంగి అతని కనురెప్పలు మూసింది, దుప్పటిని గడ్డం దాకా లాగింది. పాపమైతే ఈసారి తన మీద పడనీ అనుకుంది. వెనకటి కాయలో సగం తనదే.

తర్వాత రోజూ చేసే పనులన్నీ చేసింది. వాకిలి ఊడ్చింది. చిక్కుడు పాదుకు నీళ్లు పోసింది. కోళ్లకు నూకలు చల్లుతూ, ఎవరికైనా వినబడాలని, "లేస్తవా, గంజి తెమ్మంటవా?" అని మంచం వైపు అడిగింది. అడిగిన గొంతు తనది కాదనిపించింది. పెరట్లో మునగపూలు రాలుతూనే ఉన్నాయి.

లక్మా తలపాగాతో, కొత్త గంపతో వచ్చాడు.

"లేవలేదా మామ?"

"రాత్రంతా మెలకువే. ఇప్పుడే కన్ను మూసిండు."

లక్మా మంచం వైపు చూశాడు. ఒక కోడిపిల్ల దుప్పటి మీద ముత్తయ్య గుండెల దగ్గర ముడుచుకొని కూర్చుంది. ఇంకొకటి అతని చేతి మీదికి ఎక్కుతోంది. ఎవరూ వాటిని తోలడం లేదు. లక్మా చాలాసేపు చూశాడు. తన తండ్రి ఎద్దు చింతచెట్టు కింద నల్లగా కాలి పడి ఉండడం అతను పిల్లవాడిగా చూశాడు.

"లేపకు అత్తా," అన్నాడు చివరికి. "పండుగ అయినంక నేనొస్త."

చెయ్యి చాచి అందిన కొమ్మ నుంచి ఒక కాయ కోసి గంపలో వేసుకున్నాడు. తొడిమ తెగిన చోట సొన బొట్టుగా కారింది. వెళ్లబోతూ బండ దగ్గర ఆగాడు. బిందెలోంచి నీళ్లు వంచుకొని కాళ్లు కడుక్కున్నాడు, చేతులు కడుక్కున్నాడు, చావింటి నుంచి తిరిగి పోయేవాళ్లు కడుక్కున్నట్టే. తలెత్తకుండా వెళ్లిపోయాడు.

పొద్దెక్కింది. డోలు జోరందుకుంది. కాసేపటికి పిల్లల అరుపులు చెట్ల మీదికి పాకాయి. కత్తిపీటల చప్పుడుతో పాటు పచ్చికాయ వాసన ఊరంతా నిండింది. వెంకమ్మ మంచం పక్కన కూర్చొని అతని చల్లని అరచేతిని తన ఒళ్లో పెట్టుకొని అన్నీ విన్నది. పొజ్జే చిన్న కూతురు ఆకుదొన్నెలో ప్రసాదం ముక్కలు తెచ్చి, గుమ్మంలో పెట్టి పరుగెత్తింది.

వెంకమ్మ ఒక ముక్క తీసి అతని పెదవులకు ఆనించింది. తర్వాత దాన్నే తన నోట్లో పెట్టుకుంది. పులుపుకు దవడలు లాగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నమిలి, మింగి, అప్పుడు ఏడ్చింది.

డోలు చప్పుడు మధ్యలో తెగింది. జనం చేతుల్లో మామిడిముక్కలతోనే వచ్చారు. పొజ్జే ముందుకు వచ్చి ముత్తయ్య పాదం పట్టుకుంది. బిగిసిపోయిన ఆ పాదాన్ని వదలకుండా వెంకమ్మ ముఖంలోకి చూసింది. వెనక్కి తిరిగి పిల్లలను నీళ్లు తెమ్మని కసిరింది.

ఏటి ఒడ్డున చితి కాలుతుండగా పడమట మబ్బు లేచింది. నిప్పుకన్నా ఎక్కువగా అందరూ దానివైపే చూశారు. లక్మా అందరికన్నా ముందు ఇంటికి బయల్దేరాడు. చింతచెట్టు కింద కట్టేసిన ఎద్దులను విప్పి, కొట్టంలోకి తోలి, తలుపు వేసి, ఆ తలుపుకు ఆనుకొని కూర్చున్నాడు. దూరంగా ఒక మెరుపు. చప్పుడు కోసం వెంకమ్మ తన పెరట్లో, అతను తన కొట్టం దగ్గర, ఎదురుచూస్తున్నారు.