మెర్వ్ గునపం

మెర్వ్ హాడ్రిక్ ఎవరి మాటా నమ్మడు. టీలో చక్కెర వేశానని భార్య ఐలీన్ చెప్పినా సరే, చెంచాతో అడుగు కెలికి చూసుకుంటాడు. కంబాల్డా గనుల్లో ఇరవై ఏళ్లుగా డ్రిల్లు పట్టిన మనిషి. మెడ ఎప్పుడూ ఒక పక్కకి వాలి, ఒక చెవి పైకి ఉంటుంది. అక్కడ నికెల్ రాయి కంచులా మెరుస్తూ గట్టిగానే ఉంటుంది గానీ, దాని నెత్తినుండే ఆకుపచ్చ రాయి సబ్బుముక్కలా జారుతుంది. అందుకే గనిలోకి దిగగానే పొడవాటి గునపంతో పైకప్పంతా కొట్టి వింటాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులుది డొల్లగా మోగుతుంది.

ఓ పొద్దున అలా కొడుతుంటే షిఫ్టు బాస్ ట్రెంబాత్ విసుక్కున్నాడు. “ముందు షిఫ్టువాళ్లు అంతా కొట్టి చూసి, రాయి ఊడకుండా బోల్టులు బిగించే పోయారయ్యా. ఇంకా ఈ వాయింపుడేంటి? డ్రిల్లు పడతావా, పైకెళ్లి చీపురు పడతావా?”

“వాళ్లు కొట్టి చూశారని నీకెవరు చెప్పారు?”

“వాళ్లే.”

“అదే మరి.” మెర్వ్ గునపమెత్తి బాస్ నెత్తి మీది కప్పుని కొట్టాడు. డొల్లగా మోగింది. “జరుగు.”

“బోల్టు బిర్రుగానే ఉంది కదయ్యా!”

“బోల్టుకేం, బాగానే ఉంది. అది పట్టుకున్న రాయే ఉత్తది. జరగవయ్యా బాబూ!”

ట్రెంబాత్ గొణుక్కుంటూ జరిగాడు. మెర్వ్ పగులులో గునపం దూర్చి రెండుసార్లు మీటాడు. మంచమంత పలక బోల్టుతో సహా ఊడి, బాస్ ఇందాక నిలబడ్డ చోటే పడింది.

దుమ్ము అణిగాక ట్రెంబాత్ అతని భుజం పట్టుకుని, “మెర్వ్, నువ్వే గనక లేకపోతే...” అన్నాడు.

“మాట్లాడకు, విననీ,” అన్నాడు మెర్వ్. పలక ఊడిన చోట కొత్తగా బయటపడ్డ కప్పుని అప్పటికే కొడుతున్నాడు.