మోకాలి మీద గంట

కారులో తెర బిగించుకోవడానికి నేను పదిహేను రోజులు దుకాణాల చుట్టూ తిరిగాను. నా కూతురికి సంబంధం చూసేటప్పుడు కూడా అంత తిరగలేదు. తొమ్మిది అంగుళాలదా, పది అంగుళాలదా, దారి చూపేదా, ఎండకు కనబడేదా, కెమెరా వెనక ఒక్కటి చాలా, నాలుగు పక్కలా ఉండాలా అని కనబడినవాడినల్లా విసిగించాను. ఎందుకింత రంధి పడ్డానో తెలియాలంటే ముందు నా చెవుల సంగతి చెప్పాలి.

భూమి లోపలి బొగ్గు బాయిలో నేను హాలర్ డ్రైవర్‌ని. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రాన్ని హాలర్ అంటారు. తాడు అవతలి కొస ఎక్కడో చీకట్లో ఉంటుంది. అక్కడ పనిచేసే మనుషులు డ్రైవర్‌కు కనబడరు. వాళ్ళు తీగ లాగితే నా దగ్గర గంట మోగుతుంది. ఒక్కసారి మోగితే ఆపాలి. రెండుసార్లు మోగితే దించాలి. మూడుసార్లు మోగితే లాగాలి. ఒక్కసారి మోగినప్పుడు ఎందుకని అడగకూడదు. ముందు ఆపాలి, అడగడం తర్వాత. నాకు పని నేర్పిన పెద్దమనిషి మొదటి రోజే చెప్పాడు. "ఆపుమన్నోడు తప్పు జేస్తే పది నిమిషాల పని పోతది బిడ్డా. ఆపనోడు తప్పు జేస్తే పీనుగ లేస్తది." ముప్పై రెండేళ్ళ నౌకరీలో నేను ఆ గంటను ఒక్కనాడూ దాటలేదు. ఆ గొప్ప ఎంత చెప్పుకున్నానో! పెళ్ళిళ్ళలో చెప్పుకున్నాను, చావుల దగ్గర చెప్పుకున్నాను, టీ కొట్టు దగ్గర ఎవరూ అడగకపోయినా చెప్పుకున్నాను.

ఆ యంత్రం రొదే నా చెవులను తినేసింది. రిటైరయ్యేనాటికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గరికొచ్చి అరిస్తే కొంత అర్థమయ్యేది. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు గానీ, పెట్టుకుంటే లోపల ఈగలు ముసిరినట్టుండేది. తీసి బీరువాలో పడేశాను.

నా భార్యకు మా గంటల లెక్క పెళ్ళయిన కొత్తలోనే వచ్చేసింది. మొదటి షిఫ్టుకు నన్ను లేపబోయి, పిలిచి పిలిచి విసుగొచ్చి, నా మోకాలి మీద మూడు దెబ్బలు కొట్టేది. "లెవ్వు, తాడు కదలాలె" అని నవ్వేది. కల్లు ఎక్కువైనప్పుడు ఒక్క దెబ్బ కొట్టేది. ఎంతమందిలో ఉన్నా గ్లాసు కింద పెట్టేవాణ్ణి. మా తోటివాళ్ళు ఇకిలించేవాళ్ళు, ఇకిలించనీ.

రిటైరయ్యాక ఒకరు వాడిన చిన్న కారు కొన్నాం. హారన్లు నాకు వినబడవు. అందుకని ఆమె పక్క సీట్లో కూర్చుని కుడి చేయి నా ఎడమ మోకాలి మీద పెట్టుకునేది. ఒక దెబ్బకు ఆపాలి. రెండు దెబ్బలకు నెమ్మదించాలి, వెనక ఎవడో తొందరపడుతున్నాడని అర్థం. మూడు దెబ్బలకు పోవాలి. అలాగే వేములవాడ వెళ్ళొచ్చాం. మంచిర్యాలలో ఉన్న కూతురి దగ్గరికి నెలకు రెండుసార్లు వెళ్ళేవాళ్ళం. వినబడనివాడు బండి నడపడం తప్పే, నాకు తెలియదా? ఆమె చేయి మోకాలి మీద ఉన్నంతకాలం తప్పనిపించలేదు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం అన్నం పెడుతూ పెడుతూ ఆమె చేతిలోంచి గంటె జారింది. వేడికి చెమట పట్టిందేమో అనుకున్నాను. కాదు, పక్షవాతం. కుడి చేయి, కుడి కాలు, మాట ఒక్క పూటలో పోయాయి. చెవులు, కళ్ళు, తెలివి మాత్రం నిక్షేపంగా ఉన్నాయని దవాఖానలో చెప్పారు. అంటే ఆమె అంతా వింటుంది, ఏమీ చెప్పలేదు. నేను ఎంతైనా చెప్పగలను, ఏమీ వినలేను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క కూడా కాకుండా పోయాం.

వారానికి రెండుసార్లు మంచిర్యాలకు తీసుకొస్తే చేతికీ కాలికీ వ్యాయామం చేయిస్తామన్నారు. మొదటి ఆర్నెల్లలో ఎంత తిరిగొస్తే అంతే, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దన్నారు. నెలన్నర అల్లుడు సెలవులు పెట్టి తిప్పాడు. ఇక సెలవులు లేవు. కూతురు నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"డ్రైవర్‌ను పెట్టుకో బాపూ. నువ్వు నడపకు. నీ చెవులు అమ్మ చేతిల ఉండె. గిప్పుడు ఆ చెయ్యి లేస్తలేదు."

"ముప్పై రెండేండ్లు తాడు నడిపినోన్ని. నాకు డ్రైవరా?" అన్నాను.

ఆమె పక్కన నేనే ఉండాలని నా పట్టు. ఇంకెవడో ముందు కూర్చుని నడుపుతుంటే ఇద్దరం వెనక మూటల్లా పడి ఉండడం నాకు నచ్చలేదు. ఆర్నెల్లలో మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఈ మొండితనం చేశాను. అప్పుడే ఎవడో కార్లలో బిగించే తెరల సంగతి చెప్పాడు.

గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో ఒక దుకాణం ఉంది. యజమాని ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడతాడు. నా చెవుల సంగతి తెలిసినవాడే కాబట్టి గొంతు పెంచి, చేతులు తిప్పి చెప్పేవాడు.

"కాకా, గిది చూడుండ్రి. సిన్మాలు వస్తయ్, పాటలొస్తయ్. రంగు రంగుల లైటింగ్ గూడ ఉంది."

"ఎనకోడు హారన్ గొడితే చెప్తదా?"

"ఏంది?"

"హారన్. ఎనకంగ లారీ హారన్ గొడితే గిది నాకు చెప్తదా?"

అతను మొదట నవ్వాడు. తర్వాత కారులో కూర్చున్న నా భార్యవైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. "అసొంటిది నా దగ్గర లేదు కాకా. నాలుగు దిక్కుల కెమెరాలు పెడ్త. ఇండికేటర్ ఏస్తే ఆ పక్క రోడ్డంత తెర మీద కనవడ్తది. దారి బాణం గుర్తు చూపెడ్తది. ఇగ చెవులతోని ఏం పని? కండ్లున్నయ్ గద, ఫికర్ జెయ్యకుండ్రి."

ఆ మాటకు పడిపోయాను. ఇన్నాళ్ళకు నా బాధ అర్థమైనవాడు దొరికాడనుకున్నాను. పది అంగుళాలదే కావాలన్నాను. ఎండ పడితే మెరిసే అద్దం వద్దు, మెరవనిది ఇవ్వమన్నాను. అన్నీ ఒప్పుకుని చివరికి ఒక మాట చెప్పాడు. "మన దిక్కు బూడిద ఎక్కువ కాకా. కెమెరాల మీద పడ్తది. రోజు తుడువాలె, మర్చిపోకుండ్రి." నాకా చెప్తావు అన్నట్టు చూశాను.

బిగించడం అయ్యాక నన్ను సీట్లో కూర్చోబెట్టి ఎక్కడ నొక్కితే ఏమొస్తుందో చూపిస్తున్నాడు. అంతసేపూ నా భార్య పక్క సీట్లోనే ఉంది. దిగి ఎక్కడం ఆమెకు కష్టం. ఉన్నట్టుండి నా మోకాలి మీద ఏదో తగిలింది. ఆమె ఒళ్ళంతా నావైపు వంచి, పనిచేసే ఎడమ చేయి అడ్డంగా చాపి నన్ను కొడుతోంది. ఉక్కపోస్తోందేమో, ఇంటికి పోదామంటోందేమో అనుకున్నాను. "ఉండు, గిది సమజ్ గానియ్యి" అని ఆ చేతిని తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఎన్ని దెబ్బలు కొట్టిందో లెక్కపెట్టలేదు. పక్షవాతం వచ్చాక ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి. ఆ సంగతి అప్పుడు నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

రెండు నెలలు తెర బాగా పనిచేసింది. ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ పక్క, కుడిది వేస్తే కుడి పక్క. నీలం బాణం ఎటు తిరిగితే అటు తిరిగేవాణ్ణి. మంచిర్యాల దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, అయినా బాణాన్నే చూసేవాణ్ణి. కూతురింటి ముందు కారు ఆపి "చూసినవా?" అని మీసం దువ్వాను. వ్యాయామం దగ్గర కూడా కబురు మంచిదే. కుడి చేతి వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయని, ఇలాగే క్రమం తప్పకుండా వస్తే పిడికిలి పట్టవచ్చని చెప్పారు. ఆ రోజు దారిలో ఆమెతో ఒక్క మాటయినా మాట్లాడానా అంటే లేదు. నా చూపంతా తెర మీదే ఉంది.

మొదట్లో రోజూ కెమెరాలు తుడిచాను. తర్వాత రెండు రోజులకోసారి తుడిచాను. తర్వాత గుర్తొచ్చినప్పుడు.

ఒక రోజు మంచిర్యాల నుంచి తిరిగొస్తున్నాం. పట్టపగలు. గోదావరి వంతెన దాటాం. కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీలు ముందొకటి, వెనకొకటి పోతున్నాయి. ఇంటివైపు కుడికి తిరిగే మలుపు దగ్గరికి రాగానే నెమ్మదించి ఇండికేటర్ వేశాను. తెర మీద కుడి పక్క బొమ్మ వచ్చింది. అంతా బూడిద రంగు. ఏమీ కదలడం లేదు. ఏమీ లేదు కాబట్టే కదలడం లేదనుకున్నాను. గుడ్డికన్ను తెరిస్తే ఎంత, మూస్తే ఎంత!

అప్పుడు నా మోకాలి మీద దెబ్బ పడింది. ఒక్కటే. గట్టిగా.

చూస్తే ఆమె ఎడమ చేయి చాపి ఉంది. ముఖం ఎర్రబడింది.

"ఏంది? దూప అయితుందా? ఇంటికి పోయినంక తాగుదువు" అన్నాను. బాణం కుడికి చూపిస్తోంది. కుడికి తిప్పాను.

వెనక నుంచి కుడి పక్కగా దాటిపోతున్న లారీ మా ముందు భాగాన్ని కొట్టి ఈడ్చింది. కారు గుండ్రంగా తిరిగి రోడ్డు దిగి ఆగింది. నాకు గీత కూడా పడలేదు, నా పాపిష్టి ప్రాణానికి ఏమీ కాలేదు. చాపిన ఆమె చేయి మాత్రం వెనక్కి తీసుకునేలోపే గేరు దగ్గర ఇరుక్కుని మణికట్టు విరిగింది. పనిచేసే చేయి అదొక్కటే. నొప్పికి ఆమె నోరు తెరిచింది. అరిచిందో లేదో నాకు తెలియదు. లారీవాడు దిగొచ్చి నా ఎడమ చెవి దగ్గర అరిచింది మాత్రం వినబడింది. "గన్నిసార్లు హారన్ గొట్టిన గదనే ముసలోడా! చెవుల్ల ఏం బెట్టుకున్నవ్?" జనం కారు తలుపులు తెరుస్తున్నారు. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. బాణం కుడికి తిరగమనే చెబుతోంది.

విరిగిన చేతికి కట్టు వేశారు. కట్టు ఉన్నన్నాళ్ళూ వ్యాయామం వద్దన్నారు. కట్టు విప్పేసరికి వాళ్ళు చెప్పిన ఆర్నెల్లు అయిపోయాయి. మళ్ళీ తీసుకెళితే కుడి చేయి పట్టి చూసి, వేళ్ళు బిగుసుకుపోయాయి, ఇక ఇంతేనన్నారు. కారు అమ్మేశాను. దాని కోసం వచ్చినవాడు తెరను వేలితో రాసి చూసి, గీత కూడా పడలేదని మెచ్చుకుని పోయాడు.

బాయిలో ఒక పద్ధతి ఉండేది. ఆపమని గంట కొట్టినా డ్రైవర్ ఆపకపోతే, కింది మనుషులు మళ్ళీ అతని తాడు దగ్గర పనిచేయరు. ఎంత బతిమాలినా చేయరు. ఇంకొకణ్ణి ఎక్కిస్తేనే దిగుతామంటారు. అలాంటి డ్రైవర్లను నేను ఎంత ఎగతాళి చేశానో నాకే లెక్క లేదు. వాళ్ళు తాడు నడిపింది కనబడని మనుషులకు. నా పక్కన కూర్చున్న మనిషి, నన్ను చూస్తూ గంట కొట్టింది. నేను ఎందుకని అడిగాను.

ఇప్పుడు ఆమె ఎడమ చేయి బాగానే ఉంది. దానితోనే అన్నం తింటుంది, కొంగు సర్దుకుంటుంది, ఈగలు తోలుకుంటుంది. సాయంత్రాలు ఆమె కుర్చీ పక్కన కుర్చీ వేసుకుని, నా మోకాలు ఆమె చేతికి అందేలా కూర్చుంటాను. "కొట్టు. ఒక్కటన్న కొట్టు. తప్పయింది, కొట్టు" అంటాను. ఆ చేతిని తీసి నా మోకాలి మీద పెడతాను. పెట్టినచోట కాసేపు ఊరికే ఉంచుతుంది. తర్వాత దుకాణంలో నేను చేసినట్టే, తన చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంటుంది.