ఒక్క పీపా సీసా

మా ఇంట్లో ఎవరూ తాగరు. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టీ పట్టీ మా ఆయనకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి బీడీ కూడా ముట్టడు. అట్లాంటి ఇంటి ఆడదాన్ని, మండుటెండలో కర్నూలు పోయి, అద్దాల తలుపుల వైన్ షాపులో నిలబడి, అమెరికా సీసా ఒకటి రెండు చేతులతో పట్టుకుని, కొనాలా వద్దా అని తల బద్దలు కొట్టుకున్నాను. నా వెనుక ఇద్దరు మగవాళ్ళు ఏం కావాలో చెప్పకుండా నా వంకే చూస్తూ నిలబడ్డారు. వాళ్ళకు సిగ్గేసింది. నాకు వేయలేదు. సిగ్గుపడే తీరిక లేదు నాకు ఆ రోజు.

నాకొక అన్న, ఒక తమ్ముడు. ఇద్దరిదీ పత్తికొండ దగ్గర పల్లె, పక్కపక్క చేలు, పక్కపక్క ఇండ్లు. ఆరేళ్ళ కింద తమ్ముడు తన చేనులో, అన్న గట్టుకు దగ్గరగా, కొత్త బోరు వేయించాడు. నీళ్ళు ఎగజిమ్మాయి. టెంకాయ కొట్టి, బెల్లం పంచి, అన్నకూ ఇచ్చాడు. పది రోజులకు అన్న బోరులో మట్టి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు అన్న చేనులో టమాటా కాయ మీద ఉంది. కళ్ళముందే చెట్టుకు చెట్టు తల వాల్చింది. తమ్ముడు ఒక తడికి నీళ్ళు ఇస్తానన్నాడు. అన్న అడగనన్నాడు. తను ఇస్తానన్నప్పుడు తీసుకోలేదని తమ్మునికి కోపం. అడగకముందే పైపు వేయలేదని అన్నకు కోపం. అంతే. ఆరేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

మధ్యలో నా బిడ్డకు పెండ్లి కుదిరింది. మా వైపు పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలే మోసుకొచ్చి పీటల మీద దింపాలి. ఒక పక్క ఒకరు, ఇంకో పక్క ఇంకొకరు. ఉన్న ఇద్దరు మేనమామలూ ఒకరి మొహం ఒకరు చూసుకోకపోతే గంప ఎట్లా లేస్తుంది? నాకు కావలసింది అదొక్కటే. నగలు కాదు, బ్యాండు కాదు. వాళ్ళిద్దరూ వంగి, ఒక్కసారి ఆ గంప ఎత్తాలి.

మా ఊళ్ళో రాజీకి ఒక పద్ధతి ఉంది. చెడిన ఇద్దరినీ ఒక మంచం మీద కూర్చోబెడతారు. ఎదురుగా మూత తీయని సీసా పెడతారు. పెద్దవాడు మూత తిప్పి చిన్నవానికి మొదట పోయాలి. అదే సీసాలోంచి చిన్నవాడు పెద్దవానికి పోయాలి. అది గొంతు దిగాకే మాటలకు లెక్క. దిగకముందు ఎంత ఏడ్చినా, ఎంత కావలించుకున్నా, తెల్లవారితే ఎవరూ గుర్తు పెట్టుకోరు.

నేను ముందొకసారి చేసి చూశాను. ఉగాది నాడు ఇద్దరినీ కల్లూరులోని మా ఇంటికి పిలిచి, అందరూ తాగే మామూలు సీసా ఒకటి తెప్పించి పెట్టాను. అన్న దాన్ని తిప్పి చూసి, కింద పెట్టి, కండువా దులుపుకుని లేచాడు.

"బండలు పాలిష్ పట్టే వానింట్లో ఇంతకన్నా మంచిది యాడొస్తాదిలే" అన్నాడు.

మా ఆయన అక్కడే ఉన్నాడు. నవ్వినట్టు మొహం పెట్టాడు. దగ్గు వచ్చింది ఆయనకు. ఆ మాట నాకు మంటలాగా తగిలింది. ఈసారి పెట్టే సీసాను ఎవరూ వంక పెట్టి కింద పెట్టలేకుండా ఉండాలని ఆ పూటే అనుకున్నాను.

మా పక్కింటాయన ఇప్పుడు షేరాటో నడుపుతాడు కానీ, ముందు బెంగళూరులో పెద్ద హోటల్లో సీసాల దగ్గర పన్నెండేండ్లు పనిచేశాడు. ఆయన్నే తోడు తీసుకుపోయాను. షాపులో పైవరుస నుంచి ఆ సీసా దింపించింది ఆయనే. పొట్టిగా, బరువుగా, కర్ర బిరడాతో ఉంది. చీటీ మీద ఎవరో పెన్నుతో నెంబరు రాశారు.

"దీన్ని బర్బన్ అంటారక్కా. మొక్కజొన్నతో చేస్తారు."

"మొక్కజొన్న సారాయికా ఇంత ధర?"

"వినక్కా. మామూలుగా వంద పీపాలవి ఒక తొట్టిలో కలిపేసి సీసాలకు పడతారు. ఏడ తాగినా ఒకే రుచి. ఇదట్ల కాదు. ఒక్క పీపాలోది తీసి, దేంట్లోనూ కలపకుండా పడతారు. నెంబరు ఆ పీపాది. దీని పక్కన పెట్టిన పీపాలోది ఇంకో తీరుగుంటాది. పీపా లోపల కట్టె కాల్చుంటారు, కాలిన బెల్లం వాసనొస్తాది."

"నువ్వు తాగినావా?"

"గిరాకీలు గ్లాసు అడుగున వదిలింది తాగినా. నిజం చెప్తాండా, మంచిదే. కానీ మీ అన్నదమ్ములకు దండగ. వాండ్లు దీంట్లో కూల్‌డ్రింకు పోస్తారు. ఇంట్లో పిల్లలు తాగే రంగునీళ్ళు పోస్తారు. ఇంగ పీపా యాడ తెలుస్తాదక్కా? సగం ధరకు ఇంకోటుండాది, అది తీసుకో. మూత తీసే వరకే సీసా గొప్ప."

ఆ మనిషి అంత స్పష్టంగా చెప్పాడు. నేను విన్నాను కూడా. కానీ అన్న కండువా దులిపిన తీరు కళ్ళముందు ఆడుతూ ఉంది. నా కమ్మలకని గేదెపాల మీద దాచిన డబ్బు చీరకొంగున ఉంది. మూట విప్పాను. షాపువాడు సీసాను కాగితంలో చుట్టి, పసిబిడ్డను ఇచ్చినట్టు చేతికిచ్చాడు.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. వేరువేరు ఆటోల్లో. అన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు, తమ్ముడు గుమ్మం వైపు. సంగటి, పొట్టేలు కూర వండాను. కంచాలు పెట్టకముందే సీసా తెచ్చి మంచం మధ్యలో పెట్టాను.

నా నోరు ఊరుకుంటుందా. పక్కింటాయన చెప్పిందంతా చెప్పాను, ఇంకాస్త నాది కలిపి. అమెరికాలో కొండ మీద కొట్టం అన్నాను. పీపాలు ఏండ్ల తరబడి ఎండకూ చలికీ అక్కడే ఉంటాయన్నాను. ఒక పీపా రుచి ఇంకో పీపాకు రాదన్నాను, ఆ పీపా అయిపోతే లోకంలో అట్లాంటిది మళ్ళీ దొరకదన్నాను. చిన్నప్పుడు తమ్మునికి ముద్దలు పెడుతూ కథలు చెప్పినట్టే చెప్పాను. ఇద్దరూ నోరు తెరుచుకుని విన్నారు.

అన్న సీసా ఎత్తి వెలుతురుకు పట్టాడు. "తేనె మాదిరుండాది" అన్నాడు, గోడతో అన్నట్టు.

"ఇట్లియ్యి" అన్నాడు తమ్ముడు.

ఆరేళ్ళలో మొదటి మాట. అన్న ఇచ్చాడు. నేను వంటింటి గడపలో గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయాను. తమ్ముడు నెంబరు చదివాడు. అన్న కళ్ళద్దాలు తెచ్చుకోలేదని తమ్ముడే రెండోసారి చదివి వినిపించాడు. బిరడా చుట్టూ ఉన్న మైనం మీద ఇద్దరి వేళ్ళూ తగిలాయి. అన్న గోరు పెట్టి మైనం గీకబోయాడు.

"వద్దులేన్నా" అన్నాడు తమ్ముడు. "ఇంత మంచిదాన్ని ఈ ఎండలో ఇప్పుడు తాగేస్తే ఏముండాది? పాప పెండ్లిలో, నలుగురు పెద్దమనుషుల ముందర తీద్దాం."

అన్న చెయ్యి ఆగింది. "అదీ నిజమే. ఏం పాపా, నువ్వేమంటావు?" అని నన్ను అడిగాడు.

ఆ ఒక్క నిమిషం నాది. తీయండి, ఇప్పుడే తీయండి, మిగిలింది నేలపాలైనా సరే అనాల్సింది. అనలేదు. నా కమ్మలు ఒక పూటలో గొంతు దిగిపోతాయనే బాధ నా లోపలా ఉంది. పెండ్లిలో అందరూ చూస్తారు కదా అనే ఆశ కూడా ఉంది. "మీ ఇష్టం" అన్నాను. ఇద్దరూ కూర బాగుందన్నారు. ఎముకలు వలిచి మరీ తిన్నారు. పోయేటప్పుడు, పెద్దవాణ్ణి కదా అని, అన్న సీసాను సంచిలో పెట్టుకున్నాడు. తమ్ముడు ఆ సంచి వంక చూశాడు.

అన్న దాన్ని తీసుకుపోయి, పిల్లల బహుమతులు పెట్టే అద్దాల బీరువాలో పైఅరలో పెట్టాడు. ఇంటికి వచ్చిన ప్రతివానికీ చూపించాడు. మా చెల్లెలు నాకు కొనిచ్చింది, ఒక్క పీపాది, లోకంలో ఇంకోటి లేదు అని నా మాటలే చెప్పాడు. నేను కలిపి చెప్పిన కొండ కూడా చెప్పాడట. వారం తిరక్కుండా ఆ మాట పత్తికొండ టమాటా మార్కెట్టుకు చేరింది. గంపలు దింపుతున్న తమ్ముణ్ణి ఎవరో అడిగారు: "మీ యక్క మీ అన్నకు అమెరికా సీసా ఇచ్చిందంట కదప్పా, నీకేమిచ్చింది?"

పెండ్లికి పన్నెండు రోజులు ఉందనగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ సీసా ఎవరికి కొన్నావు?"

"ఇద్దరికీ నాయనా."

"ఇద్దరిదైతే ఒక్కని బీరువాలో ఎందుకుండాది?"

"పెండ్లికి తెస్తాడు కదప్పా. నువ్వే కదా వద్దంటివి."

"నేను వద్దంటే వాడు ఎత్తుకొని పోతాడా? నేను వాని బీరువా చూసేకి పోవల్లనా? నాకూ ఒకటి కొనియ్యి. పెండ్లికొస్తా, గంప పడతా. అదే పీపాది కావల్ల. నెంబరు నాకు గుర్తుండాది."

"ఏదైతే ఏముందప్పా, అదీ అదే సరుకు."

"నువ్వే చెప్తివి కదక్కా, ఒకదానికి ఒకటి కలవదని. వేరేది ఇస్తే నాకు రెండో రకం ఇచ్చినట్లే."

మళ్ళీ కర్నూలు పోయాను, మళ్ళీ పక్కింటాయనతోనే. అరలో ఆ సీసాలు రెండు ఉన్నాయి. రెంటి మీదా వేరే నెంబరు. షాపువాడు లోపల అట్టపెట్టెలు కూడా చూసి వచ్చి లేదన్నాడు.

"ఆ పీపా అయిపోయింటాదక్కా" అన్నాడు పక్కింటాయన. "ఇంగ అమెరికాకు పోయినా రాదు. దీన్నే తీసుకో. నెంబరు గోరుతో గీకేద్దాం, పెన్నుతో రాసిందే కదా."

"కనిపెడతాడు."

"కనిపెట్టనీలే. కోప్పడతాడు, తిడతాడు. అయినా వాని చేతిలో ఒకటుంటాది కదక్కా. మొన్న నేను దండగన్నా, ఈ పొద్దు మాత్రం దండగ కాదు. కొను."

సీసా చేతిలోకి తీసుకున్నాను. డబ్బు తెచ్చాను, పెండ్లి బియ్యానికి పెట్టుకున్నది. ఒకసారి ఆయన మాట కాదని కొన్నాను. ఈసారి మళ్ళీ ఆయన మాట కాదని అరలో పెట్టేశాను. గీకిన సీసా ఇస్తే ఇంకా అవమానపడతాడని నాకు నేను చెప్పుకున్నాను. ఇల్లు చేరాక తమ్మునికి ఫోన్ చేసి, అదే పీపాది దొరకలేదు నాయనా అన్నాను. అది నిజమే. పక్క పీపాది చేతిలోకి తీసుకుని వదిలేసి వచ్చానని మాత్రం చెప్పలేదు. నాకు కొనబుద్ధి కాలేదు. పెద్దవానికి రోషంతో కొన్నాను, చిన్నవాని దగ్గరికి వచ్చేసరికి బియ్యం గుర్తొచ్చాయి.

"నాకు యాడ దొరుకుతాదిలేక్కా" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పెండ్లిలో గంప ఒక పక్క మా అన్న పట్టాడు. రెండో పక్క ఎవరు అని అందరూ దిక్కులు చూస్తుంటే, మా పక్కింటి ఆటో ఆయన చెప్పులు విడిచి వచ్చి పట్టాడు. ఆయన పొట్టి, అన్న పొడుగు. గంప ఒక పక్కకు వాలి, నా బిడ్డ భయపడి అంచులు పట్టుకుంది. తమ్ముడు రాలేదని అనలేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని కల్యాణ మండపం గేటు దాకా వచ్చాడట. మేనమామ పెట్టే చీర ఉన్న కవరును మా పిన్నమ్మ చేతిలో పెట్టి, లోపలికి రమ్మంటే, బస్సుంది అన్నాడట.

భోజనాలయ్యాక అన్నను అడిగాను. "సీసా తెచ్చినావా?"

"ఎవనితో తాగల్ల పాపా నేను?" అన్నాడు. విస్తరి ముందు కూర్చుని కూడా సరిగా తినలేదు ఆయన. ఆ పూట ఆయన మీద కూడా నాకు కోపం రాలేదు. ఆయన ఒప్పుకోడు గానీ, గంప ఎత్తేటప్పుడు పక్కకు తిరిగి చూశాడు, పక్కన ఉండాల్సిన మనిషి కోసం.

పదహారు రోజుల పండుగ కాగానే లడ్డూలు, బొరుగులు మూటకట్టుకుని పల్లెకు పోయాను. ముందు తమ్ముని ఇంటికే పోయాను. మరదలు మజ్జిగ ఇచ్చింది. తమ్ముడు చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నాకు ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. పాప ఇచ్చిన ఊరు ఎట్లుందని అడిగాడు. అల్లుని పని అడిగాడు. మా ఆయన దగ్గు తగ్గిందా అన్నాడు. అన్నీ అడిగాడు, తలుపు వేయలేదు, మొహం తిప్పుకోలేదు. లేచి పోతుంటే ఆటో ఎక్కేవరకూ వచ్చి మూట అందించాడు.

"ఎండగుండాది, జాగ్రత్తగా పోమ్మా" అన్నాడు.

టమాటా కొనడానికి వచ్చిన ఆడవాళ్ళను పిలిచినట్టు పిలిచాడు. వాడు పుట్టినప్పటినుంచి నన్ను అక్కా అని తప్ప ఇంకో పిలుపు పిలవలేదు. ఈ రోజు దాకా నేను ఎన్నిసార్లు పోయినా అక్కా అనే మాట మళ్ళీ వాని నోట రాలేదు. అట్లా పిలవమని నేనూ అడగలేదు.